డ్యామ్ గట్టు మీద నీ మాట

సుబ్బక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. శుక్రవారం మనిద్దరం పనిచేసిన ఇంటి మేడమ్ వాళ్లు నన్ను కూడా ఖురియాత్ డ్యామ్ దగ్గరి పార్కుకి తీసుకెళ్లారు. "ఈ ఎడారిలో అన్ని నీళ్లుండాయంట, ఒకసారి చూడాల" అని నువ్వు ఎప్పుడూ అనేదానివి.

వాళ్లు పడవలెక్కి తిరిగొచ్చారు. నేను మాంసం కాల్చడానికి బొగ్గులు రాజేస్తుంటే, వాళ్ల పిల్లాడు, నువ్వు పెంచిన సాలిం, లైఫ్ జాకెట్ విప్పేసి నీళ్ల వైపు పరుగెత్తాడు. అరబ్బీలో ఆగమని అరిచినా వినలేదు. వంటింట్లో నిన్ను వెక్కిరించడానికి నేను అనే నీ కడప మాటే, గోదావరి దాన్నైన నా నోట వచ్చింది.

"యాడికి పోతాండావ్ రా?"

వాడు టక్కున ఆగి, నన్ను దాటి నా వెనక్కి చూశాడు.

"సుబ్బక్క యాడ?"

నువ్వు సెలవు మీద వెళ్లావనే వాడికి ఇంకా చెబుతున్నారు.

"ఊళ్లో ఉంది" అన్నాను. నిన్ను పూడ్చింది అక్కడే కాబట్టి అది అబద్ధం కాదు.

"అయితే వస్తాదిలే" అంటూ, జాకెట్ తొడగమని నాకు చేతులు చాచాడు.