బతికున్నోని ఫోటోకు దండ

నాయనా సుధాకరా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు ప్రొద్దుటూరులో ఒక హాలు నిండా నువ్వు తీసిన ఫోటోలే పెట్టారు. జుట్టు పెంచుకొని గిటార్లు వాయించే పిల్లోళ్ల వెంట తిరుగుతున్నావని నిన్ను ఎన్ని తిట్లు తిట్టాను! వాళ్లే జమ్మలమడుగుకు వచ్చి నన్ను కారులో పిలుచుకొని పోయారు.

అన్నిటికంటే పెద్ద ఫోటోలో, వాళ్లలో డ్రమ్ములు వాయించే బాషా ఉన్నాడు. నీ చేతి పని కదా అని, నేను తెచ్చిన కనకాంబరాల దండ దానికి వేసి మొక్కాను. వెనక నుంచి బాషా అరిచాడు.

"పెద్దమ్మా, నేనింకా బతికే ఉండా! నాకేంది దండ ఏస్తాండావు?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"తీసేస్తాలేప్పా. మరి మావాని ఫోటో యాడుంది?"

"అన్న ఫోటో ఒక్కటీ లేదు పెద్దమ్మా. కెమెరా ఎప్పుడూ ఆయప్ప చేతిలోనే ఉండె. ఈడుండేటివన్నీ ఆయప్ప చూసినవే."

బాషా ఫోటో మీది దండ తీశాను. తర్వాత నా కొప్పులోనే పెట్టుకున్నాను. నువ్వు పోయినాక నేను పూలు పెట్టుకోవడం ఇదే మొదలు.

"శానా బాగుండావు, కదలొద్దు" అని బాషా ఫోటో తీశాడు. నేను వానికిచ్చిన నీ కెమెరాతోనే తీశాడు. దాని వెనక నువ్వున్నట్టే నవ్వాను నాయనా.

మీ అమ్మ