బి.ఏ. చేతిలో బాబాయి బండి

ఈ డైరీ చదవబోయే మహాజనులకు ముందుగా సాష్టాంగ క్షమాపణ. ఇందులో నా క్రమశిక్షణ, యంత్రజ్ఞానం, నిరాడంబరత పుటపుటకీ పొంగి పొర్లుతాయి. చదివి మీ జీవితాల మీద మీకే సిగ్గు పుడితే ఆ పాపం నాది.

1946 జులై 1, సోమవారం. ఉదయం 6.
రామలింగం బాబాయి మద్రాసు వెళ్లాడు. ఇరవై రోజులకు గాని రాడు. మిలిటరీ వాళ్ల వేలంలో కొన్న పాత మోటారు సైకిలును మంగళగిరిలో, మా వసారాలో, నా సంరక్షణలో వదిలాడు.
"రోజూ గుడ్డతో తుడువు. రెండ్రోజులకోసారి స్టార్టు చేసి ఆపు. ఏదీ విప్పమాక, ఏడుకొండలూ!" అన్నాడు.
తుడవడం ఎవరైనా చేస్తారు. నేను బి.ఏ. కనుక ప్రతిజ్ఞ: బాబాయి వచ్చేలోగా బండి మొత్తం విప్పి, కడిగి, బిగిస్తాను. మెకానిక్కు మొహం చూడను.
కావలసినవి: స్పానర్లు రెండు (ఉన్నాయి). కిరసనాయిలు (రేషను, వంటింట్లో ఉంది). ధైర్యం (అపారం).
ఇంకో లాభం: బండి పనిలో ఉన్నవాణ్ణి రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టమని నాయనమ్మ అడగదు.

జులై 3.
చైను ఊడదీశాను! పది నిమిషాల్లో! వెనక టైరు కూడా! నాలో ఒక మహా ఇంజనీరును కాలేజీ వాళ్లు చరిత్ర పాఠాలతో తొక్కిపట్టారు.
నాన్న మగ్గం గుంటలోంచి పిలిచాడు. "అయ్యగారూ, ఇరవయ్యో తేదీకి బెజవాడ గవర్నర్‌పేట షావుకారుకి ఆరు చీరలందాలి. అందకపోతే వచ్చే నెల నూలివ్వనన్నాడు. నూల్లేకపోతే మగ్గం ఆగిపోద్ది. మీ నాయనమ్మకి కాస్త సాయం చెయ్యరాదూ?"
"ఇక్కడ ప్రాణప్రదమైన పని జరుగుతోంది నాన్నా."
"కనపడతానే ఉంది. బండి ప్రాణం పోతోంది."

జులై 6.
8.00: చైను తిరిగి ఎక్కించడం మొదలు.
8.40: ఎక్కలేదు.
9.15: చైను పొట్టిదైపోయింది. ఇనుముకు ఈ గుణం ఉందని ఏ పుస్తకంలోనూ లేదు.
12 నుంచి 4: సమస్యను పడుకుని ఆలోచించాను.

జులై 9.
వాన. చెమ్మలో చైను ముట్టుకోకూడదట. ఎవరన్నారో గుర్తులేదు, బహుశా నేనే.
కార్బురేటరు భాగాలు నిన్న కిరసనాయిల్లో నానబెట్టాను. ఆ కిరసనాయిలు నాయనమ్మ లాంతర్లో పోసుకుంది. అందులో ఒక బుల్లి స్ప్రింగు ఉండాలి. పాపం, ఇప్పుడెక్కడ వెలుగుతోందో!

జులై 12. ఘోరం.
బండి అందం చూద్దామని రెండడుగులు వెనక్కి వేశాను. అది స్టాండు మీంచి ఒరిగి నాయనమ్మ రాట్నం మీద పడింది. రాట్నం చక్రం ముక్కలు. కండె తిప్పే ఇనుప పుల్ల, కదురు, ఒక్కటే బతికింది.
చీరలు మూడే అయ్యాయి. చుట్టిన కండెలు రేపటికి సరి. రాట్నం లేనిదే కొత్తవి లేవు.
వడ్రంగి జక్కయ్య వచ్చి చూశాడు. "పది రోజులు పట్టుద్దండి." అరువు తెద్దామంటే వీధిలో ఏ రాట్నం తొందర దానిదే.
నాన్న తిట్టలేదు. మగ్గం దిగి, చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. పని రోజున ఆయన అరుగు మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

జులై 13.
లేపి నిలబెట్టిన బండి వెనక చక్రాన్ని నాయనమ్మ వేలితో తోసింది. చైను లేదు, టైరు లేదు. చక్రం హాయిగా తిరిగింది.
"ఇదేదో బానే తిరుగుతోందే! తాడు తే."
టైరు ఊడిన గాడిలో తాడు వేసి కదురుకు తగిలించింది. చక్రం తిప్పితే కదురు గిర్రున తిరిగింది.
"నాయనమ్మా, అది మిలిటరీ బండి!"
"అయితే డ్యూటీ చెయ్యమను. నువ్వు కూసుని చుట్టు. ఇరగ్గొట్టింది నువ్వేగా!"

జులై 14. భుజం నొప్పి.
జులై 15. రెండో భుజం.
జులై 17. బండి తుడవలేదు. తుడిస్తే నూలు తెగుతుంది. (ఉత్తమమైన సాకు. ఇది నిజం కూడా.)
జులై 19. ఆరో చీర మగ్గం దిగింది!

జులై 20.
పొద్దున్న రైలుకి నాన్న చీరల మూటతో బెజవాడ వెళ్లాడు. సాయంత్రం నూలు మోపుతో వచ్చాడు. వెనకే బాబాయి!
"టైరేదిరా? చైనేదిరా? ఇంతకీ నా బండేదిరా?"
"అరవమాక రామలింగం," అంది నాయనమ్మ. "జక్కయ్య రాట్నం ఇచ్చిందాకా అది కదలదు."
బాబాయి నా వైపు తిరిగాడు. "నాలుగేళ్ల యుద్ధం చేసొచ్చిన బండిరా అది! నీ చేతిలో మూడు వారాలు ఆగలేకపోయింది!"

జులై 21, ఆదివారం. ఉదయం 6.
నూతన ప్రతిజ్ఞ: ఆగస్టు నెలాఖరులోగా బండి మొత్తం బిగిస్తాను. మెకానిక్కు మొహం చూడను. ఈసారి మూడు స్పానర్లు.
డైరీకి అబద్ధం చెప్పకూడదు గనుక ఒక్క మాట. ఈ ఇరవై రోజుల్లో నేను నిజంగా చేసిన పని ఒక్కటే: ఏడు రోజులు కదలకుండా కూర్చుని కండెలు చుట్టాను. నాన్న మళ్లీ అరుగు మీద కూర్చోలేదు.