రెండో సీసా

పొలసర,
ఫిబ్రవరి 3, 2025

పద్మమ్మకి నీ నాన్న నీలకంఠం దీవించి రాసేది.

పదహారేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. ఈ రోజు కక్కేస్తాను. బరంపురం బడిలో పదో తరగతి ఫారం నింపినప్పుడు, తండ్రి చేసే పని అన్న చోట నువ్వు 'వ్యవసాయం' అని రాశావు. సంతకం పెట్టమని నా చేతికిచ్చావు. నాకు చదవడం రాదనుకున్నావు. కూడబలుక్కుని చదవగలను. చదివాను, సంతకం పెట్టి నీ చేతికిచ్చాను.

సెంటు భూమి లేనివాణ్ణి రైతును చేశావు. సర్కారు లైసెన్సున్న బట్టీలో నలభై ఏళ్లు మహులి సారా దించినవాణ్ణి నేను. ఇప్పపువ్వు నానేసిన కుండ మూత తీస్తే చాలు, ఇంకెన్ని పూటలు ఆగాలో ముక్కుతో చెప్పేవాణ్ణి. చుక్క నాలుక మీద వేసుకోలేదు. మీ అమ్మకిచ్చిన మాట అది.

నిన్న లోకనాథ్ వచ్చాడు, బెంగళూరులో మీ హోటల్లోనే పనిచేసే మన బరంపురం లోకనాథ్. "మావా, పద్మ వైనూ విస్కీల సదువు సదువుతోంది. గ్లాసులు వాసన సూసి పరీచ్చ రాస్తాది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అదే వాసన నేను ఉత్తినే నేర్పితే సిగ్గు. టై కట్టినవాడు నేర్పితే చదువా?

ఫోను చెయ్యకు. ఫోనులో 'ఆఁ నాన్నా, ఆఁ నాన్నా' అని పెట్టేస్తావు. కాగితం మీద రాయి.

నీలకంఠం,
రైతు కాదు

*

బెంగళూరు,
ఫిబ్రవరి 15

ప్రియమైన నాన్నకు,

నువ్వు ఆ ఫారం చదివావని నాకు తెలియదు. ఆ వారమే మా క్లాసులో భారతీదేవి అందరి ముందూ "ఏటే పద్మా, మీ ఇంట్లో మంచినీళ్లు తాగినా మత్తెక్కుతాదటగా?" అంది. అందరూ నవ్వారు. మర్నాడు ఫారం ఇచ్చారు. పదిహేనేళ్లదాన్ని. తప్పే నాన్నా.

చదువు సంగతి నిజం. ఇది పాసైతే హోటల్లో ఏ వైను తెప్పించాలో, ఏ భోజనానికి ఏది పోయాలో చెప్పే పని నాది. లేకపోతే ట్రే మోయడమే. రాత పరీక్ష గట్టెక్కాను. వాసన పరీక్షలో పోయాను. గ్లాసులు ముందు పెట్టి, ఏ వాసనలు తగిలాయో రాయమంటారు. పుస్తకంలో మాటల జాబితా ఉంటుంది: వయొలెట్ పువ్వు, గూస్‌బెర్రీ, నల్ల చెర్రీ. నేనెప్పుడూ చేత్తో పట్టుకోనివి. పొగవాసన విస్కీకి నేను 'రంభ ఊళ్లో చేపలు ఎండే గట్టు' అని రాశాను. సున్నా వేశారు. అప్పట్నుంచి గ్లాసు ఎత్తితే ఒక్క మాటా రావడం లేదు. ఆఖరి అవకాశం ఏప్రిల్ 22న.

చిన్నప్పుడు నా కళ్లకు తువ్వాలు కట్టి, మూడు గ్లాసులు వాసన చూపించేవాడివి గుర్తుందా? నెలాఖరుకి మళ్లీ ఊరొస్తున్న లోకనాథ్ చేత మూడు చిన్న సీసాలు పంపుతున్నాను, అంకెలు వేసి. వాసన చూసి నీ మాటల్లో రాయి. నీ మాటలు వింటే నాకూ మాట వస్తుందేమో.

రైతుబిడ్డ కాని
నీ పద్మ

*

పొలసర,
మార్చి 2

పద్మమ్మా,

సీసాలు చేరాయి. ఇన్నాళ్లకి నన్ను అడిగావు. వీధిలో అందరూ చూసేలా అరుగు మీద కూచుని మరీ మూతలు తీశాను. రాసుకో.

ఒకటోది, టీ రంగుది. కాలిన కర్ర, బెల్లం పాకం. మూడోది, ఎర్రది. నేరేడు పండు, కొంచెం తుప్పు. రెండోది, తెల్లగా ఉన్నది, అన్నిటికన్నా మేలు. ఎండలో పరిచిన ఇప్పపువ్వు, తేనె, తడిసిన మట్టి, వెనకాల సన్నగా వేగిన నువ్వులు. ఇలాంటిది నా బట్టీలో ఏడాదికి ఒక్కసారి దిగేది. ఎవడు దించాడో కనుక్కుని రాయి.

పక్కింటి చిట్టమ్మకి నోరెక్కువ. నిన్న పొయ్యి మీద పప్పు మాడిందని గోడ అవతలి నుంచి ఒకటే అరుపు. "ఏటి నీలకంఠం బావా, కొంప కాల్సుకుంటావేటి? ముక్కు అద్దెకిచ్చీసినావా?" అంది. నీకు ఏం రాయాలా అనే ధ్యాసలో ఉన్నాను, అంతే.

నీలకంఠం,
నీ మొదటి మేష్టరు

*

బెంగళూరు,
మార్చి 14

ప్రియమైన నాన్నా,

ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. రెండో సీసాలో ఉన్నది నీళ్లు. హోటల్ కుళాయి నీళ్లు.

నీకు పరీక్ష పెట్టాలని కాదు. అది నువ్వు నేర్పిన పద్ధతే కదా. మూడు గ్లాసుల్లో ఒకదాంట్లో ఎప్పుడూ నీళ్లు పోసేవాడివి. నేను పువ్వు వాసనంటూ ఏదో కల్పిస్తే నెత్తి మీద మొట్టేవాడివి. "ఏటీ లేనప్పుడు ఏటీ లేదని సెప్పాల. లేంది ఉందన్నోడికి ముక్కు లేనట్టే!" అనేవాడివి. మూత తీయగానే 'ఒసే దొంగా' అని రాస్తావని, నవ్వుకుంటూ నింపాను.

మాడిన పప్పు సంగతి మళ్లీ చదివాను. ఎన్నాళ్లయింది నాన్నా?

నీ పద్మ

*

పొలసర,
మార్చి 29

పద్మమ్మా,

ఒసే దొంగా.

నాలుగేళ్లు దాటింది. కరోనా జ్వరం తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. రంగులు చూసి రాశాను. తెల్లగా ఉంటే మన మహులే అనుకున్నాను. ఆ ఇప్పపువ్వూ తేనే తడిమట్టీ నా బుర్రలో మిగిలిపోయినవి. దాచుకున్నది తీసి రాశాను.

ఎవరికీ చెప్పలేదు. బట్టీ మూసేశాక కూడా ఇక్కడ నన్ను ముక్కు నీలకంఠం అనే పిలుస్తారు. ఆ పేరు పోతే నేనెవణ్ణి? అద్దెగదిలో ఒక ముసలాణ్ణి. పాలు విరిగితే కంటికి కనబడ్డాకే తెలుస్తుంది. మీ అమ్మ చీర ఒకటి పెట్టెలో ఉంచాను. తీసి మొహానికి పెట్టుకుంటే గుడ్డ, అంతే.

నువ్వు ఫారంలో లేని పొలం రాశావు. నేను ఉత్తరంలో లేని ముక్కు రాశాను. మొట్టికాయ నీకొకటి, నాకొకటి. ఆ ముల్లు ఇక తీసేశాను.

ఇప్పుడు పని విను. పువ్వు రాలుతోంది. పొద్దున్నే వెళ్లి ఏరుకొచ్చి, ఎండబెట్టి, ఈ కవరులో పెట్టాను. ఎలా ఉందని చిట్టమ్మని అడిగితే, "ఇప్పపువ్వు ఇప్పపువ్వులాగుంటాది బావా, ఇంకెలాగుంటాది?" అంది. ఆవిడ పరీక్షకి పనికిరాదు. నువ్వు కళ్లకి తువ్వాలు కట్టుకుని, వాసన చూసి రాయి. జాబితాలో మాటలు వద్దు, నాకు గూస్‌బెర్రీ తెలియదు. నువ్వు రాసింది చదివితే నాకు ఆ వాసన తగలాలి. నాకు తగిలిందంటే నీకు మాట వచ్చినట్టే. తర్వాత దాన్ని వాళ్ల మాటల్లోకి మార్చుకోవడం నీకు పెద్ద పని కాదు. రంభ గట్టుని వాళ్లేమంటారో కూడా కనుక్కో. కవరులో ఏ వాసనా మిగలకపోతే ఏమీ లేదని రాయి. నా కోసం కల్పించకు.

నీ పరీక్ష ఇరవై రెండున. అంతదాకా నేను ఆగను. ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. పోస్టు పైడయ్య పదకొండు గంటలకి వస్తాడు. గుమ్మంలో కూచుని ఉంటాను. ఆ రోజుకి నా చేతిలో జవాబు ఉండాలి. పువ్వు ఎలా ఉంది?

నీ నాన్న