ఇంజన్‌కు పౌడర్ పూసిన రోజు

మంగళవారం, రాత్రి

ఈరోజు నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుట్టింది.

పత్తిలో కలుపు తీసే మిషన్ కింద వారంగా రోజూ నూనె మడుగు. వాన పడ్డాక కలుపు ఆగదు కదా, ఇంజన్ విప్పి రిపేరుకు ఆదోనికి మోసుకుపోవాలేమోనని నాకు ఒకటే దిగులు. ఎక్కడ కారుతోందో తెలియక, పొద్దున దాన్ని గుడ్డతో బాగా తుడిచి, నేను ముఖానికి వేసుకునే పౌడర్ చల్లి స్టార్ట్ చేయించాను. కారే చోట తడి చార కనబడుతుందని.

"పెండ్లికూతుర్ని సేస్తాండావా దాన్ని?" అన్నాడు మా ఆయన.

బోల్టుల దగ్గర పౌడర్ పొడిగానే ఉంది. పైన గాలి పోయే సన్న గొట్టం దగ్గరే తడిసింది. నూనె చూసే పుల్ల తీస్తే గీత దాటి చాలా పైకి ఉంది.

"ఇంత యెవురు పోసినారు?" అన్నాను.

"నేనే, దినామూ సాయంత్రం. కారిపోతాందంటే నువ్వు దిగులు పడతావని సెప్పలేదు."

నేనూ పుల్ల చూడకుండానే రోజూ పొద్దున్నే పోస్తున్నాను, ఆయన దిగులు పడతాడని చెప్పకుండా.

"ఇద్దురూ తినిపిస్తే కక్కక ఏం సేస్తాది," అంది గడపలో కూర్చున్న మా అత్త.

మొదటి రోజు పోసేటప్పుడు ఒలికిన నూనెనే కారిందనుకున్నట్టున్నాం. ఎక్కువైంది తీసేశాక చుక్క పడలేదు. సాయంత్రం దాకా కలుపు తీశాం, చేనంతా పౌడర్ వాసన. ఇకమీదట ఒకరే పోయాలనుకున్నాం. ఎవరన్నది మాత్రం తేలలేదు.

ఇందాక మంచం పక్కన నీళ్ల చెంబు పెట్టబోతే, ఆయన అప్పటికే ఒకటి పెట్టి నిద్రపోయాడు.

నాదీ పక్కనే పెట్టాను.