జ్వరమని రాసిన చీటీలు

ఎల్లారెడ్డి,
10 జులై 2013.

నా బుజ్జవ్వకు,

నిన్ను కన్న అవ్వ రాసేది. నీ ఉత్తరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే నవ్వుకో.

కామారెడ్డి దవాఖానలో నీకు వరుసగా రెండేసి డ్యూటీలు వేస్తున్నారని, నిద్ర పట్టడం లేదని, సూది వేస్తుంటే చేతులు వణుకుతున్నాయని రాశావు. చివర్లో, "మా సార్‌కు ఫోన్ జేసి నాకు జరమొచ్చిందని చెప్పవే అవ్వా, నాలుగొద్దులు ఇంటికొస్త" అని రాశావు.

నేను చెప్పను బిడ్డా. ఎందుకు చెప్పనో, ఆ సంగతి రెండేళ్లుగా నీ దగ్గర దాచాను.

మీ అరుణన్న తన ప్రాణం తానే తీసుకున్నాడని నీకు తెలుసు. అంతకు ఆరు నెలల ముందు సంగతి తెలియదు. ఫోన్ కంపెనీ ఆఫీసులో రోజూ పొద్దున నిలబెట్టి, సిమ్ములు తక్కువ అమ్మావని అందరి ముందు తిట్టేవారు. ఒకనాడు నేను బీడీలు చుడుతుంటే గడప మీద కూర్చుని సెలవు చీటీ రాశాడు.

"ఏమని రాసినవ్ బిడ్డా?"

"మనసు బాగలేదని రాసిన."

నా చేతిలో ఆకు చిరిగింది. "గట్ల రాస్తె పిచ్చోడంటరు. రేపు పిల్లనెవలిస్తరు? జరమని రాయి."

నా చెయ్యి తీసి నుదుటి మీద పెట్టుకున్నాడు. "సల్లగనే ఉన్నది గదనే. ఈ జరం ఎన్నొద్దులకు తగ్గుతదో" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ చీటీ చింపి ఇంకోటి రాశాడు.

వాడు పోయిన పదో రోజున వాళ్ల సార్లు ముగ్గురు దండ పట్టుకుని కారులో వచ్చారు. రోజూ తిట్టే సారే ఐదు చీటీలు నా ముందు పెట్టాడు. "మీ కొడుక్కు ఊకె జరమొస్తుండె గదా అవ్వా. మంచి డాక్టర్‌కు చూపియ్యకపోయినవా?" అన్నాడు. ఐదింటిలోనూ జ్వరమే. ఆయన మొహాన ఉమ్మాలనిపించింది. కానీ కొడుకు చేత ఆ మాట రాయించింది నేనే కదా, లేచి చాయ్ పెట్టాను. చీటీలు జేబులో పెట్టుకుని, చాయ్ తాగి పోయారు.

"నీకేమైంది" అని వాణ్ని వాళ్లు ఒక్కనాడూ అడగలేదు. నేను అడిగి, విని, నోరు మూయించాను. ఎవరి పాపం ఎక్కువో నాకు తెలియదు.

వచ్చే సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. మీ సార్ ఎదుట నేనే నిలబడి చెబుతాను, "నా బిడ్డకు జరం లేదు సార్, మనసు బాగలేదు. మీ డ్యూటీలతోటే గిట్లయింది" అని. సెలవు ఇవ్వకపోతే నౌకరీ అక్కడే పారేసి వద్దాం. అటునుంచి అటే నిజామాబాద్ పోయి మనసుకు మందిచ్చే డాక్టరుకు చూపిద్దాం. పక్కింటి భూదవ్వ అక్కడే చూపించుకుంటోంది, తోడు వస్తానన్నది. చూసినవాళ్లు ఏమన్నా అననీ. పిల్లనివ్వరని భయపడ్డాను, పిల్లగాడే లేకుండా పోయాడు.

సోమవారం దాకా ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పకు. ఆకలి లేకున్నా వేళకు ఇంత అన్నం తిను బిడ్డా.

నీ అవ్వ,
రాజవ్వ