నది దాటింది ఎవరు?

పోర్ట్‌లీష్

జెస్సీ డాడీకి,

ప్రేమతో వందనాలు. ఫోన్లో అడిగితే నవ్వేసి మాట మారుస్తారని ఉత్తరం రాస్తున్నాను.

నేను తెలుగు చేస్తున్న నవల రాసిన మిసెస్ వార్డెన్ గారు మీకు తెలుసుగా, ఇక్కడే ఊరవతల ఉంటారు. ఇంగ్లండులో ఫిలాసఫీ చెప్పారు, మాయాలోకాల నవలలతో పేరు తెచ్చుకున్నారు. నేను చేస్తున్న ఈ ఆఖరి నవల రాస్తుండగా వాళ్ళాయన పోయారు. ఆ తర్వాత సొంతంగా ఏమీ రాయలేదు, పాత ఐరిష్ ఏడుపు పాటలు అనువాదం చేసుకోవడమే.

ఆ నవలలో రాణి చనిపోయిన భర్తతో కథంతా చెప్పుకుంటుంది. చివరి వాక్యం, 'వుయ్ క్రాస్డ్ ద రివర్'. అక్కడ నా కలం ఆగిపోయింది. మనం దాటాం అంటే భర్త కూడా దాటినట్టు. మేము దాటాం అంటే అతన్ని ఒడ్డునే వదిలేసినట్టు. ఇంగ్లీషుకి ఈ గొడవ లేదు.

వెళ్ళి అడిగాను. విషయం అర్థమయ్యాక ఆవిడ ముఖం పాలిపోయింది. జాలేసి, "ఏదీ పెట్టకుండా ఉత్త 'నది దాటాం' అనేయొచ్చండీ" అన్నాను.

"వద్దు. పోయినవాళ్ళు ఎక్కడా ఉండరని క్లాసులో చెప్పాను. నవల్లో ఆయన్ని బతికించుకున్నాను. నా ఏడుపేమో ఎవరెవరి పాటల్లోనో ఏడ్చాను. ఇంక తప్పించుకోను. మేము అని రాయి కృపా" అని వెక్కి వెక్కి ఏడ్చారు.

ఇంటికొచ్చి ఆ మాట రాస్తుంటే మీరే గుర్తొచ్చారు. రింగాస్కిడీ మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగమని మీరూ జెస్సికా అక్కడ, ఆస్పత్రి డ్యూటీలు, ఈ పుస్తకం అంటూ నేనిక్కడ. మొన్న ఆదివారం ఫోన్లో అన్నారు, "ఇల్లు దొరికింది, మేము మారిపోతున్నాం, గ్రాండ్‌గా ఉంది" అని. నాకు చాలా బాధేసిందండీ. ఆ ఇంట్లో నేను ఉన్నానా, లేనా? మాట మింగకుండా రాయండి.

మీ
కృపావతి


రింగాస్కిడీ

కృపా,

అది నోరు జారి అన్న మాట కాదు. నువ్వు రావని నాకు నేనే తేల్చేసుకుని, మేము అనడం అలవాటు చేసుకుంటున్నాను.

ఉత్తరంలో ఏముందని జెస్సికా పట్టుబట్టింది. మేము, మనం తేడా చెప్పాను. "మమ్మీ ఉండేది ఏది?" అని ఇంగ్లీషులో అడిగింది. మనం అన్నాను. ఇక అప్పట్నుంచీ దానికి అన్నీ మనమే. "డాడీ, మనం పళ్ళు తోముకున్నాను" అంటోంది. తప్పని దిద్దడానికి నాకు నోరు రాలేదు.

లీజు మీద ఇంకా సంతకం పెట్టలేదు. నువ్వొచ్చి చూడు. నీకు నచ్చకపోతే మనం మారం.

జీవన్