పిల్లి పడుకునే పలక

బార్న్‌స్లీ,
జనవరి.

ఇంటి యజమాని హెప్‌వర్త్ గారికి,

ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌లో నీళ్ల ప్రెషర్ పడిపోవడానికి మా చేతకానితనమే కారణమని మీరు రాసిన ఉత్తరం అందింది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని కాబట్టి, చదివి అర్థం చేసుకోగలిగాను.

మొన్న వచ్చినప్పుడు మీరేమన్నారు? "బాయిలర్ మీద ముల్లు సున్నాకి వస్తే దాని కింద కుళాయి తిప్పి నీళ్లు ఎక్కించాలమ్మా. ఇంత చదివావు, అదీ రాదా?" మా అమ్మమ్మ దగ్గుతూనే, "పొద్దున ఎక్కిస్తే సాయంత్రానికి ఖాళీ నాయనా. నేనైతే తాగట్లేదు, నాకు టీ చాలు" అంది. మీరు నవ్వి, వంటింట్లో దగ్గరుండి వేయించిన కొత్త పలకల గచ్చును మీరే పొగుడుకుని వెళ్లిపోయారు.

బాయిలర్ వేడినీళ్లతో గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లన్నీ గుడ్డతో తుడిచి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. బాయిలర్‌లో ఎక్కువైన నీళ్లు పోయే బయటి గొట్టం నుంచీ చుక్క పడటం లేదు. ఇక మిగిలింది మీ గచ్చే. ఇల్లంతా చల్లబడినా అందులో ఒక్క పలక వెచ్చగా ఉంటోంది. మా పిల్లి దానిమీదే పడుకుంటోంది. కింద వేడినీళ్లు పారే పాత రాగి గొట్టం మార్చకుండా మీరు పైన సిమెంటు పోయించారు. అది అక్కడ కారుతోంది. ఆ సంగతి మీకంటే ముందు పిల్లికి తెలిసింది.

గురువారం వస్తానన్నారు. కుళాయి తిప్పడం మళ్లీ నేర్పనక్కర్లేదు, గచ్చు పగలగొట్టే మనిషిని తీసుకురండి. నమ్మకం లేకపోతే బూట్లు విప్పి ఆ పలకమీద నిలబడండి. పిల్లి లేచి చోటిస్తుంది. పక్కనున్న అమ్మమ్మ కుర్చీని మాత్రం పని మొదలయ్యేదాకా జరపకండి. ఈ చలికాలం మీ ఇంట్లో ఆమె కాళ్లకు దొరికిన వెచ్చదనం అదొక్కటే.

ఇట్లు,
మీ ఇంట్లో అద్దెకున్న అమ్మాయి